కాంక్రీట్ చార్లీ: అపోహలు - వాస్తవాలు

పెన్సిల్వేనియాలో హైస్కూల్ పిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్ ఆట, అంటే బంతి దగ్గర ఎదురెదురుగా నిలబడి ఢీకొనేవాళ్ల ఆట నేర్పుతుంటాను. ఇక్కడ లైన్‌మన్ మాటెత్తితే చాలు, పెద్దవాళ్లు ‘కాంక్రీట్ చార్లీ’గా పేరుపడ్డ పాతకాలపు ఆటగాడు చక్ బెడ్నరిక్ పేరు తీస్తారు. పిల్లల్ని ప్రాక్టీసుకి దింపడానికి వచ్చే మన తెలుగువాళ్లు కూడా ఆ కథలు విని నన్ను అడుగుతుంటారు. వాటిలో చాలావరకు నిజమే, కానీ మసాలా ఎక్కువైంది.

అపోహ: ఎదుటివాణ్ని గోడలా ఢీకొట్టేవాడు కాబట్టి ‘కాంక్రీట్ చార్లీ’ అన్నారు.

వాస్తవం: ఆయన నిజంగానే కాంక్రీట్ అమ్మేవాడు! 1949 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అందరికంటే ముందు ఎంపికై ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో చేరినా, సీజన్ అయిపోగానే సేల్స్‌మన్ ఉద్యోగం చేసుకోవాల్సిందే. 1960లో ఛాంపియన్‌షిప్ గెలిచినందుకు ఒక్కో ఆటగాడికి వచ్చింది సుమారు 5,000 డాలర్లు. క్లీవ్‌లాండ్ లైన్‌మన్ లూ గ్రోజా ఇన్సూరెన్స్ వ్యాపారం చేశాడు. ఆ తరంలో ఆట ఒక్కటే నమ్ముకున్నవాళ్లు తక్కువ.

అపోహ: 14 సీజన్లూ అటు అటాక్‌లో, ఇటు డిఫెన్స్‌లో 60 నిమిషాలూ ఆడాడు.

వాస్తవం: 1950 నుంచి ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చన్న రూల్ స్థిరపడింది. ఆ తర్వాత రెండు వైపులా ఆడాల్సిన పని పెద్దగా లేదు. 1960 నాటికి బెడ్నరిక్‌కి 35 ఏళ్లు, అటాక్‌లో లైన్ మధ్యన ఉండి బంతి అందించే సెంటర్‌గా ఆడుతున్నాడు. సీజన్ మధ్యలో డిఫెన్స్‌లో లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ బాబ్ పెలెగ్రిని గాయపడటంతో ఆ బాధ్యత కూడా ఈయన మీదే పడింది. అలా మొదలైందే ఈ పురాణం. ఆ డిసెంబర్ 26న గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఫైనల్లో మాత్రం సుమారు 58 నిమిషాలు మైదానంలోనే ఉన్నాడు. చివరి క్షణాల్లో తమ గోల్ లైన్‌కి పది గజాల లోపు ప్యాకర్స్ ఆటగాడు జిమ్ టేలర్‌ని పడేసి, టైమ్ అయిపోయేదాకా లేవనివ్వలేదు. ఈగిల్స్ 17-13తో గెలిచింది.

అపోహ: న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్‌ని దొంగదెబ్బ తీశాడు.

వాస్తవం: కాదు. 1960 నవంబర్ 20న యాంకీ స్టేడియంలో తగిలిన ఆ దెబ్బ రూల్స్ ప్రకారం సక్రమమైనదే, గిఫర్డ్ కూడా తప్పుపట్టలేదు. పడిపోయినవాడి పక్కన బెడ్నరిక్ పిడికిలి ఊపుతున్న ఫోటో చూసి జనం అపార్థం చేసుకున్నారు. గిఫర్డ్ చేతిలోంచి జారిన బంతి తమవాడు చక్ వెబర్‌కి దొరికిందన్న సంబరం అది. కానీ గిఫర్డ్ 1961 సీజన్ మొత్తం ఆటకి దూరమయ్యాడు. దెబ్బ సక్రమమైనంత మాత్రాన చిన్నదైపోదు.

అపోహ: సెంటర్‌కి బరువుంటే చాలు.

వాస్తవం: ఇది వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. బెడ్నరిక్ బరువు 106 కిలోలే, ఇప్పటి సెంటర్లు 135 దగ్గర ఉంటారు. అసలు పని అడుగుల్లో ఉంటుంది. కాళ్ల మధ్య నుంచి బంతి వెనక్కి ఇచ్చిన అరక్షణంలో ఎదుటివాడు మీదకొస్తాడు. చేయి ఇంకా బంతి మీద ఉండగానే మొదటి అడుగు పడాలి, నడుము వాడికంటే కిందుండాలి. పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి వదిలేయడం) అప్పుడైతే తల వంచి, తలకిందులుగా చూస్తూ సుమారు 15 గజాల వెనక ఉన్నవాడి చేతుల్లోకి విసరాలి. ఎవరు ఎవర్ని ఆపాలో పక్కవాళ్లకి కేకేసి చెప్పేది కూడా చాలా జట్లలో సెంటరే.

అపోహ: ఆ రోజుల్లో వాళ్లు ఉక్కుమనుషులు, దెబ్బలు వాళ్లనేమీ చేయలేదు.

వాస్తవం: గుండె ధైర్యానికి లోటు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-24 బాంబర్‌లో గన్నర్‌గా 30 సార్లు జర్మనీ మీదకి వెళ్లొచ్చినవాడు. 14 సీజన్లలో మూడే మ్యాచ్‌లు తప్పాయి. అయినా వేళ్లు వంకరపోయాయి, చివరికి మతిమరుపు జబ్బు పట్టింది. 2015 మార్చిలో 89 ఏళ్లకి పోయినప్పుడు, ఆటలో తగిలిన దెబ్బలూ ఇందుకు కారణమేనని కూతురు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో గిఫర్డ్ పోయాడు. తలకి పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే సీటీఈ అనే జబ్బు ఆయన మెదడులో కనిపించిందని కుటుంబం ప్రకటించింది.

అందుకే, మావాడికి ఏం కాలేదు, ఆడనివ్వండి కోచ్ గారూ అని ఎవరు బతిమాలినా నేను వినను. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే పిల్లాణ్ని అప్పుడే బయటికి తీసేయాలి, వైద్యులు రాసిచ్చేదాకా మళ్లీ దింపకూడదు. పెన్సిల్వేనియాలో 2012 నుంచి చట్టమే అలా ఉంది.