వెయ్యి పౌండ్ల గీత ఎక్కడి నుంచి వచ్చింది?

మూడు వేల పౌండ్ల ఎలక్ట్రిక్ సైకిల్‌ని ఆఫీసు స్కీములో తీసుకోవడం న్యాయమేనా? బ్రిటన్‌లో ఆఫీసు ద్వారా పన్ను రాయితీతో సైకిల్ తీసుకునే సైకిల్ టు వర్క్ స్కీమ్ గురించి చర్చ ఎప్పుడు లేచినా ఈ ప్రశ్న వస్తుంది, దాని వెనకాలే "వెయ్యి పౌండ్ల లిమిట్ ఉండేది కదా, ఎందుకు తీసేశారు" అనే మాట కూడా వస్తుంది. నిజానికి పన్ను చట్టంలో ఆ వెయ్యి ఎప్పుడూ లేదు.

స్కీముకి మూలం 1999 ఫైనాన్స్ చట్టం. పనికి కార్లలో వెళ్లేవాళ్లు తగ్గాలి, రోడ్ల మీద రద్దీ, పొగ తగ్గాలి అని అప్పటి లేబర్ ప్రభుత్వం తెచ్చింది. కంపెనీ తన ఉద్యోగికి సైకిలూ హెల్మెట్, లైట్ల లాంటి సామానూ వాడుకోవడానికి ఇస్తే, దాన్ని జీతంతో పాటు వచ్చిన లాభంగా లెక్కగట్టి పన్ను వేయకూడదన్నది నియమం. ఈ సదుపాయం ఉద్యోగులందరికీ అందుబాటులో ఉండాలి, సైకిల్‌ని ప్రధానంగా పనికి వెళ్లిరావడానికే వాడాలి. ధర గురించి ఒక్క ముక్క లేదు.

మరి వెయ్యి ఎక్కడిది? ఇక్కడ సైకిల్‌ని అమ్మరు, అద్దెకిస్తారు. అద్దె నడిచినంతకాలం అది కంపెనీదో, స్కీమ్ నడిపే సంస్థదో అవుతుంది, ఉద్యోగి మాత్రం పన్ను కోయకముందే జీతంలో కొంత వదులుకుంటాడు, దాన్నే శాలరీ శాక్రిఫైస్ అంటారు. ఇలా నెలనెలా కట్టించుకుంటూ అద్దెకివ్వడం వినియోగదారుల రుణాల చట్టం కిందికి వస్తుంది కాబట్టి లైసెన్స్ కావాలి. ప్రతి చిన్న కంపెనీ లైసెన్స్ కోసం తిరగలేదు కదా అని అప్పట్లో ఈ లైసెన్సులు చూసిన ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ అందరికీ కలిపి ఒక గ్రూప్ లైసెన్స్ ఇచ్చింది, అది వ్యాట్‌తో కలిపి వెయ్యి పౌండ్ల వరకే చెల్లేది. అంతకన్నా ఖరీదైన సైకిల్ ఇవ్వాలంటే కంపెనీకి సొంత లైసెన్స్ ఉండాల్సి వచ్చేది, అది ఉన్నవాళ్లు అప్పుడు కూడా ఇవ్వగలిగేవాళ్లు. అంటే రుణ లైసెన్సుల సౌకర్యం కోసం పెట్టిన అంకెని జనం పన్ను హద్దు అనుకున్నారు. మార్కెట్ కూడా దాని చుట్టూనే అల్లుకుంది, దుకాణాల్లో 999 పౌండ్ల సైకిళ్లు వరుసగా కనబడేవి. పైన కొంత సొంత డబ్బు వేసి ఇంకాస్త మంచిది తీసుకుందామంటే, ఆ సైకిల్ ఎవరి సొత్తు అనే చిక్కు వచ్చిపడేది.

మధ్యలో ప్రభుత్వం రెండుసార్లు స్కీముని బిగించింది. మొదట్లో అద్దె కాలం అయిపోయాక నామమాత్రంగా కొంత కట్టి సైకిల్‌ని సొంతం చేసుకునేవాళ్లు. 2010 ఆగస్టులో పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ ఒక పట్టిక ఇచ్చింది, దాని ప్రకారం 500 పౌండ్లు దాటిన సైకిల్‌కి ఏడాది తర్వాత కూడా అసలు ధరలో 25 శాతం విలువ ఉన్నట్టే, అంతకన్నా తక్కువకి ఇస్తే ఆ తేడా మీద పన్ను పడుతుంది. అప్పుడు స్కీమ్ సంస్థలు 7 శాతం డిపాజిట్ తీసుకుని అద్దెని ఇంకో మూడేళ్లు పొడిగించడం మొదలుపెట్టాయి, ఎందుకంటే అదే పట్టికలో నాలుగేళ్ల సైకిల్ విలువ 7 శాతమే. ఇంకోటి వ్యాట్. జీతం వదులుకుని తీసుకున్నదానికీ వ్యాట్ కట్టాల్సిందేనని మందుల కంపెనీ ఆస్ట్రాజెనెకా కేసులో యూరప్ కోర్టు తీర్పిచ్చాక, 2012 జనవరి నుంచి వ్యాట్ రూపంలో మిగిలే లాభం పోయింది. 2017లో శాలరీ శాక్రిఫైస్ పథకాల్లో చాలావాటికి పన్ను లాభం తీసేసినా సైకిల్‌ని మాత్రం ముట్టుకోలేదు.

ఈలోగా 2014లో రుణాల నియంత్రణ, ఆర్థిక సంస్థల మీద నిఘా పెట్టే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ చేతికి వెళ్లింది. 2019 జూన్‌లో రవాణా శాఖ కొత్త మార్గదర్శకాలిచ్చి, ఆ అథారిటీ అనుమతి ఉన్న సంస్థ ద్వారా అయితే వెయ్యి దాటినా ఫర్వాలేదని స్పష్టం చేసింది. ముఖ్య కారణం ఎలక్ట్రిక్ సైకిళ్లు. రోజూ ఎత్తుపల్లాల్లో 15 కిలోమీటర్లు తొక్కాల్సినవాళ్లకి, పిల్లల్ని బడిలో దింపి అటునుంచి అటే పనికి వెళ్లేవాళ్లకి వెయ్యి పౌండ్లలో పనికొచ్చే బండి దొరకడం కష్టం. కారు మాన్పించడమే ఉద్దేశమైనప్పుడు, నా దృష్టిలో ఆ మార్పు సరైనదే.

అన్యాయం ఉన్నది వేరే చోట, అది 1999లో ఎంచుకున్న పద్ధతిలోనే ఉంది. మిగిలేది పన్ను కాబట్టి, ఎక్కువ పన్ను కట్టేవాడికి ఎక్కువ మిగులుతుంది. ఇంగ్లండ్ లెక్కే చూద్దాం. 20 శాతం పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి వాటి కోసం జీతంలోంచి కోసే చందా) కట్టే ఉద్యోగికి మూడు వేల సైకిల్ మీద 840 పౌండ్లు మిగులుతాయి, 40 శాతం పన్ను, 2 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ శ్లాబులో ఉన్నవాడికి 1,260. చివర్లో కట్టే 7 శాతం, అంటే 210 పౌండ్లు, ఇద్దరికీ ఒకటే. వెయ్యి సైకిల్ మీద ఈ ఇద్దరి మధ్య తేడా 140, మూడు వేలకి వెళ్లేసరికి 420. ధర పెరిగేకొద్దీ తేడా పెరుగుతుందే గానీ, దాన్ని పుట్టించింది ధర కాదు.

అసలు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు ఇంకొందరు. జీతం వదులుకున్నాక కనీస వేతనం కంటే కిందికి పోకూడదు, కాబట్టి కనీస వేతనం మీద పనిచేసేవాళ్లకి ఈ స్కీమ్ లేదు, సొంతంగా డెలివరీలు చేసుకునేవాళ్లకీ లేదు. మన ఊళ్ల నుంచి వెళ్లి కేర్ హోముల్లో, గోదాముల్లో షిఫ్టులు చేసేవాళ్లలో చాలామంది ఇందులోకే వస్తారు, తెల్లవారుజామున బస్సుల్లేని వేళ సైకిల్ అవసరం వీళ్లకే ఎక్కువ.

ఐర్లండ్ 2009లో ఇలాంటిదే మొదలుపెట్టి హద్దుని నేరుగా పన్ను చట్టంలోనే రాసుకుంది. 2020లో మామూలు సైకిల్‌కి 1,250 యూరోలు, ఎలక్ట్రిక్‌కి 1,500 చేసి, 2023 నుంచి సామాన్లు మోసే కార్గో సైకిల్‌కి 3,000 దాకా ఇచ్చింది. బ్రిటన్‌లో కూడా ఇలా హద్దు పెడితే ఖరీదైన బండి మీద పన్ను రాయితీ తగ్గుతుంది నిజమే. కానీ కేర్ హోములో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి సైకిల్ రాదు. వాళ్లకి రావాలంటే సాయం పన్ను మినహాయింపు రూపంలో కాకుండా, జీతం ఎంతైనా అందరికీ సమానంగా, నేరుగా సైకిల్ ధరలోనే తగ్గించి ఇవ్వాలి.