బస్తాలున్నాయి, గుంజల్లేవు

చిన్నీ, బుజ్జిగా,

మొన్న ఫోన్లో అడిగారు కదా, పిన్నికి ముక్కు ఆపరేషనైతే రక్తం ఎందుకు చూశారు, చూసి ఎందుకు వాయిదా వేశారు అని. అప్పుడు తడబడ్డాను, ఇప్పుడు తీరిగ్గా టైపు చేస్తున్నా.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఓ అర్ధరాత్రి మా ఊరి కాలవకి గండి పడింది. లస్కరు కేకలు విని ఊరంతా లాంతర్లు పట్టుకుని పరిగెత్తింది, మా నాన్న వద్దంటున్నా నేనూ వెనకాలే పోయా (ఆ బురదలో పోయిన ఎడమ చెప్పు మళ్లీ దొరకలేదు). ఇసక బస్తాలకి కొదవ లేదు, వేస్తూనే ఉన్నారు, వేసినవి వేసినట్టే కొట్టుకుపోతున్నాయి. అప్పుడో ముసలాయన అరిచాడు, ముందు సరుగుడు గుంజలు దిగ్గొట్టండ్రా అని. గుంజలు దిగాయి, వాటికి తడికలు కట్టారు, అప్పుడు నిలిచాయి బస్తాలు. మీద వరిగడ్డి, బురద వేసి తొక్కారు, తెల్లారేసరికి గండి పూడింది.

మన ఒంట్లో రక్తనాళం తెగినా ఇదే భాగోతం. బస్తాలంటే ప్లేట్‌లెట్లు, మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి, పిన్నికి శుభ్రంగా ఉన్నాయి. గడ్డి లాంటిది ఫైబ్రిన్, అంటే రక్తం గడ్డకట్టేప్పుడు అల్లుకునే సన్నటి దారాలు. పిన్నికి తక్కువైంది గుంజలు, వాటి పేరు వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్. ఆ గుంజలే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ఇంకో సరుకుని భుజానేసుకుని మోస్తాయట. గుంజ మొయ్యడమేంటి తాతయ్యా అంటాడు బుజ్జిగాడు, నిజమేరా, నా పోలికకి ఇక్కడ గండి పడింది, వదిలెయ్.

విల్లెబ్రాండ్ అనేది ఫిన్లాండు డాక్టరు పేరు. ఆలండ్ దీవుల్లో అయిదేళ్ల పాపకి, వాళ్లింట్లో ఇంకా కొందరికి రక్తం ఆగట్లేదని చూసి 1926లో రాశాడు. ఈ గుంజలు తక్కువయ్యే జబ్బు ఇంట్లోవాళ్ల నుంచి వస్తుంది, మగా ఆడా ఇద్దరికీ. అందుకే మీ అమ్మని కూడా టెస్టు చేయించుకోమన్నా, నువ్వు గుర్తు చెయ్ చిన్నీ.

ఇది ఎలా బయటపడిందనుకున్నారు? మిషనుతో కాదు, డాక్టరమ్మ అడిగిన ఒక్క ప్రశ్నతో. పన్ను పీకించుకున్నప్పుడు ఎంతసేపు కారింది అంది. మర్నాటి దాకా అంది పిన్ని. చిన్నప్పుడు దానికి ఎండాకాలం ముక్కులోంచి రక్తం కారితే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించినవాణ్ణి నేనే, ఇరవయ్యేళ్లు అదే మాట చెప్పుకున్నా. అందుకే డాక్టరు అడిగితే ఇది చిన్న విషయంలే అని మింగెయ్యకండి.

అసలు సోకు కోసం కోయించుకోవడమేంటని నేనూ సణిగా, అది మా అమ్మ ముక్కు, నాకు బానే ఉంటుంది. కానీ ముక్కు తనది. సోకు ఆపరేషనే కాబట్టి ఆగడానికి టైముంది, అది ఒక అదృష్టం. తొందరపడి చేస్తే చర్మం కింద రక్తం చేరి ఉబ్బి, ఏ అందం కోసం వెళ్లిందో అదే చెడేది.

ఇప్పుడు రక్తం డాక్టరు దగ్గర డెస్మోప్రెసిన్ అనే మందు ఓసారి ఇచ్చి చూస్తారు, ఒంట్లో దాగున్న గుంజలు బయటికొస్తాయేమోనని. వస్తే ఆపరేషనుకి ముందు అదే ఇస్తారు, చాలకపోతే బయటి నుంచి ఫ్యాక్టరే ఎక్కిస్తారు. ఆస్పిరిన్ మాత్రం ముట్టకూడదు. తమాషా ఏంటంటే ఈ డెస్మోప్రెసిన్నే పక్క తడిపే పిల్లలకీ ఇస్తారు, నేను ఎవరి పేరూ చెప్పట్లేదు బుజ్జిగా.

సైకిల్ మీంచి పడ్డావట కదా, మోకాలి మీద పెచ్చు కట్టిందా? గోకకు. రోజూ స్నానం అయ్యాక దాని అంచులు చూడు, ఏ పక్క నుంచి ముందు లేస్తోందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య