పక్కన పెట్టిన ఇనుము బ్యాటరీ మళ్లీ ఎలా వచ్చింది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మార్షల్ అని ఒక చిన్న ఊరుంది. 2023 ఫిబ్రవరిలో ఫోర్డ్ కంపెనీ అక్కడ బ్యాటరీ ఫ్యాక్టరీ కడతామని ప్రకటించినప్పుడు పెద్ద గొడవే అయింది. ఫ్యాక్టరీ ఫోర్డ్‌దే. కానీ బ్యాటరీలో అసలు కరెంటు దాచుకునే భాగమైన సెల్ తయారుచేసే పద్ధతిని చైనా కంపెనీ సీఏటీఎల్ దగ్గర లైసెన్సు తీసుకుని నేర్చుకుంటారు. చైనా టెక్నాలజీకి ఇక్కడ చోటు ఎందుకని కొందరు నాయకులు గట్టిగా అడ్డుపడ్డారు. ఆ గొడవలో చాలామందికి గుర్తురాని సంగతి ఒకటుంది. ఆ సెల్‌లో వాడే పదార్థం బ్యాటరీలకు పనికొస్తుందని మొదట కనిపెట్టింది అమెరికాలోనే, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో.

ఆ పరిశోధన 1997లో అచ్చయింది. అక్షయ పాఢి, నంజుండస్వామి, జాన్ గుడెనఫ్ ముఖ్యులు. మొదటి ఇద్దరూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లని పేర్లే చెబుతాయి. గుడెనఫ్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. 2019లో, 97 ఏళ్ల వయసులో, లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు. వాళ్లు పరీక్షించిన పదార్థం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఈ రంగంలో అందరూ ఎల్‌ఎఫ్‌పీ అంటారు. ఇనుము, భాస్వరం, ఆక్సిజన్, కొంచెం లిథియం, అంతే. అరుదైన ఖనిజమేదీ లేదు.

లిథియం బ్యాటరీలో జరిగేది నిజానికి ఒక రాకపోక. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు క్యాథోడ్ అనే ఇల్లు వదిలి అవతలి వైపున్న గ్రాఫైట్‌లోకి వెళ్తాయి. బండి నడుస్తున్నప్పుడు తిరిగి ఇల్లు చేరతాయి. ఆ ఇంటిని దేనితో కట్టామన్నదే కార్ల కంపెనీలను పాతికేళ్లుగా తికమక పెడుతున్న ప్రశ్న. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపి కడితే ఎన్‌ఎంసీ. ఇందులో కిలో సెల్‌కు సుమారు పావు యూనిట్ కరెంటు పడుతుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిటే. ఇనుముతో కడితే అదే కిలోకు పావులో మూడింట రెండు వంతులే వస్తుంది. పైగా ఇనుము ఫాస్ఫేట్‌లో కరెంటు సరిగా పారదు. దాన్ని సూక్ష్మమైన పొడిగా చేసి, ఒక్కో రేణువుకు కార్బన్ పూత పూస్తే గాని పని జరగదని తర్వాత తెలిసింది.

అందుకే కారు కంపెనీలు ఇనుమును పక్కన పెట్టాయి. అప్పట్లో కొనేవాళ్ల టెన్షన్ అంతా ఒక్కటే, దారిలో చార్జింగ్ అయిపోతే ఎలా అని. ఎక్కువ దూరం పోవాలంటే నికెల్ కావాల్సిందే అనుకున్నారు. అమెరికాలో ఇనుమును నమ్ముకున్న కంపెనీ లేకపోలేదు. ఎంఐటీ పరిశోధనల నుంచి 2001లో పుట్టిన ఏ123 సిస్టమ్స్‌కు ప్రభుత్వం 2009లో 24.9 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. కానీ కార్ల గిరాకీ అనుకున్నంత రాలేదు. 2012 అక్టోబరులో కంపెనీ దివాలా తీసింది. దాన్ని కొన్నది వాన్‌షియాంగ్ అనే చైనా సంస్థ. ఒక దేశం ఏళ్ల తరబడి చెమటోడ్చి నేర్చుకున్న విద్య చేతులు మారిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది.

చైనాలో కథ వేరేగా నడిచింది. ఎల్‌ఎఫ్‌పీ పేటెంట్లు అమెరికా, కెనడా, యూరప్ సంస్థల చేతుల్లో ఉండేవి. చైనా కంపెనీలు తమ దేశంలోనే అమ్ముకుంటే రాయల్టీ కట్టనక్కర్లేదన్న ఏర్పాటు ఒకటి కుదిరింది. దాంతో వాళ్లు బస్సుల్లో, టాక్సీల్లో, చవక కార్లలో దాన్ని ఏళ్ల తరబడి వాడి, లోపాలు ఒక్కొక్కటే సరిచేసుకున్నారు. 2022లో ముఖ్యమైన పేటెంట్ల గడువు ముగిసేసరికి తలుపు తెరవడానికి సిద్ధంగా ఉన్నది వాళ్లే.

అసలు మలుపు రసాయనంలో రాలేదు, పేర్చడంలో వచ్చింది. నికెల్ సెల్‌లను పేర్చడం మామిడిపళ్లను గంపలో పెట్టడం లాంటిది. మధ్యలో గడ్డి వేయాలి, ఒక పండు పాడైతే పక్కది పాడవకుండా చూసుకోవాలి. అందుకే సెల్‌లను చిన్న పెట్టెల్లో, ఆ పెట్టెలను పెద్ద పెట్టెలో పెడతారు. సగం చోటు అడ్డుగోడలకే పోతుంది. ఇనుము సెల్ అంత తొందరగా వేడెక్కి అంటుకోదు కాబట్టి ఇటుకల్లా పక్కపక్కనే పేర్చేయొచ్చు. 2020 మార్చిలో చైనా కంపెనీ బీవైడీ బయటపెట్టిన ‘బ్లేడ్’ బ్యాటరీ చేసింది ఇదే. దాదాపు మీటరు పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు, సెంటీమీటరున్నర లోపు మందం ఉన్న పలకలను నేరుగా ప్యాక్‌లో వరుసగా నిలబెట్టారు. సెల్‌లో తక్కువైన శక్తిని ఆదా అయిన చోటు చాలావరకు పూడ్చింది. షెంజెన్ నగరంలో 1995లో ఫోన్ బ్యాటరీల కంపెనీగా మొదలైన బీవైడీ కార్లలోకి వచ్చింది 2003లో. సెల్ గురించి లోపల నుంచి తెలిసినవాళ్లు కారు గురించి ఆలోచించడం వల్లే ఈ ఉపాయం తట్టిందని నా అభిప్రాయం.

ఆ విడుదల రోజున సెల్‌లో మేకు దిగ్గొట్టి చూపించారు. మామూలు నికెల్ సెల్ మంటలెగసి పేలితే, బ్లేడ్ పొగ కూడా రాకుండా నిలబడింది. కారణం అణువుల స్థాయిలో ఉంది. ఫాస్ఫేట్‌లో భాస్వరం, ఆక్సిజన్ చాలా గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా విడిపోదు. నికెల్ క్యాథోడ్ మాత్రం వేడికి ఆక్సిజన్ వదిలేస్తుంది, అంటే మంటకు కావాల్సిన గాలిని బ్యాటరీయే ఇస్తుంది. అయితే ఇనుము బ్యాటరీ అసలు కాలదనుకోకూడదు. లోపలి ద్రవం మండే స్వభావం ఉన్నదే. నాసిరకంగా కడితే, చార్జర్ సరిగా లేకపోతే అదీ కాలుతుంది.

దీనికి ఇంకో చిక్కుంది, అది వాడేవాళ్లకే తెలుస్తుంది. మన వంటింటి గ్యాస్ సిలిండర్ గుర్తుతెచ్చుకోండి. నిండుగా ఉన్నా, పావు వంతే మిగిలినా మంట ఒకేలా వస్తుంది. చివరి రోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇనుము సెల్ వోల్టేజీ కూడా అంతే, దాదాపు చివరి వరకు 3.2 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కారు కంప్యూటర్‌కు కష్టం. అందుకే ఇలాంటి కార్లను వారానికొకసారైనా నూరు శాతం చార్జి చేయమని టెస్లా తన కస్టమర్లకు చెబుతుంది. నిండు సిలిండర్ నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టడం లాంటిదది. చలికి ఈ సెల్ మందగించడం మరో లోపం. నార్వే వాళ్లకు అది పెద్ద విషయం, మనకు కాదు.

టెస్లా 2020లో షాంఘైలో తయారైన మోడల్ 3లో సీఏటీఎల్ ఇనుము సెల్‌లు పెట్టి చూసింది. 2021 అక్టోబరులో తక్కువ దూరం వెళ్లే మోడళ్లన్నిటికీ ప్రపంచమంతటా ఇవే వాడతామంది. కొన్ని నెలలకే, 2022 మార్చి 8న లండన్ లోహాల మార్కెట్‌లో టన్ను నికెల్ లక్ష డాలర్లు దాటి, ఆ రోజు నికెల్ వ్యాపారమే ఆపేయాల్సి వచ్చింది. నికెల్‌లో పెద్ద వాటా ఇండోనేషియా నుంచి, కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకు పైగా కాంగో నుంచి వస్తున్న రోజుల్లో, వాటి మీదే ఆధారపడ్డ కంపెనీలకు ఆ రోజు గట్టిగా గుర్తుండిపోయింది. 2024 నాటికి ప్రపంచ విద్యుత్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం ఇనుమువే.

అమెరికాలో ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు. జనరల్ మోటార్స్ ‘అల్టియం’ పేరుతో అన్నిటికీ ఒకే రకం సెల్ అని చెప్పి, 2024లో ఆ పేరే వదిలేసింది. ఇప్పుడు చవక కార్లకు ఇనుము, పెద్ద ట్రక్కులకు 2028 నుంచి 65 శాతం మాంగనీస్ ఉన్న సెల్ అంటోంది. ఫోర్డ్ 2025 డిసెంబరులో పెద్ద విద్యుత్ ట్రక్కును ఆపేసి, విద్యుత్ కార్ల ప్రణాళికల మార్పుల మీద మొత్తం 1,950 కోట్ల డాలర్ల భారం లెక్కలో చూపించింది. కార్ల కోసం కట్టిన సామర్థ్యంలో కొంత ఇక సౌర విద్యుత్తును, గ్రిడ్ విద్యుత్తును నిల్వచేసే బ్యాటరీలకు వాడుతుంది.

జపాన్ ఆలోచన వేరు. ఒక పెద్ద విద్యుత్ కారుకు పట్టే బ్యాటరీ ఖనిజాలతో ఆరు ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు (చార్జింగ్ పెట్టుకునే, పెట్రోలుతోనూ నడిచే కార్లు), లేదా తొంభై మామూలు హైబ్రిడ్‌లు చేయొచ్చని టయోటా లెక్క చెబుతుంది. ఖనిజాలన్నీ దిగుమతి చేసుకునే దేశం నుంచి ఆ లెక్క రావడం సహజమే. దాని అసలు ఆశ ద్రవం బదులు గట్టి పదార్థం వాడే ఘన బ్యాటరీ మీద. 2020ల మొదట్లోనే తెస్తామని 2017లో అన్నారు. 2023 అక్టోబరులో ఇదెమిత్సు అనే చమురు కంపెనీతో చేయి కలిపి 2027-28 అన్నారు. చమురు కంపెనీ ఎందుకంటే, ఘన బ్యాటరీకి కావాల్సిన గంధకం చమురు శుద్ధిలో ఉపఉత్పత్తిగా వస్తుంది. అదే టయోటా చైనాలో అమ్మే బీజెడ్3 కారులో బీవైడీ బ్లేడ్ పెట్టింది. కారు అమ్ముడుపోవాలంటే ఈరోజు దొరికే సెల్ కావాలి కదా.

యూరప్ దగ్గర కాస్త ఆగాలి. 2016లో టెస్లా మాజీ ఉద్యోగి పీటర్ కార్ల్‌సన్ స్వీడన్‌లో మొదలుపెట్టిన నార్త్‌వోల్ట్ మీద ఆ ఖండం ఆశలన్నీ ఉండేవి. దాదాపు 1,500 కోట్ల డాలర్లు సమీకరించింది. వోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ, వోల్వో కస్టమర్లు. ఆర్కిటిక్‌కు దగ్గర్లోని షెలెఫ్టియోలో ఫ్యాక్టరీ లేచింది, 2021 చివర్లో మొదటి సెల్ కూడా వచ్చింది. కానీ అనుకున్నన్ని మంచి సెల్‌లు చేయలేకపోయింది. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ దివాలా తీసింది.

డబ్బుంది, యంత్రాలున్నాయి, కొనేవాళ్లున్నారు. మరి ఎక్కడ చెడింది? ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లను చూడండి. బియ్యప్పిండి జారు, వేడి కుండ, గుడ్డ, అన్నీ మనమూ తెచ్చుకోవచ్చు. రేకు మాత్రం రాదు. సెల్ తయారీలో కీలకమైన పనీ అలాంటిదే. క్యాథోడ్ పొడిని జారుగా కలిపి, వెంట్రుక మందం అటూ ఇటూ ఉన్న పొరగా, మైళ్ల పొడవు రేకు మీద ఎక్కడా తేడా లేకుండా పూయాలి, ఆరబెట్టాలి, రోలర్ల మధ్య నొక్కాలి. గాలిలో కొంచెం తేమ ఎక్కువైనా, ఇనుప రజను ఇంత పడినా సెల్ పారేయాల్సిందే. చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ నష్టమే. చైనా ఆ నష్టాల కాలాన్ని ముందే దాటేసింది.

వోక్స్‌వాగన్ దీన్ని బాగానే అర్థం చేసుకున్నట్టుంది. సొంత బ్యాటరీ కంపెనీ పవర్‌కో ద్వారా ‘యూనిఫైడ్ సెల్’ అని ఒకే కొలతల పెట్టెను ఖాయం చేసింది. లోపల నికెల్ పెట్టొచ్చు, ఇనుము పెట్టొచ్చు, రేపు ఇంకోటి పెట్టొచ్చు, కారు మార్చక్కర్లేదు. చైనాలోని హెఫీ నగరపు గోషన్ కంపెనీలో పావు వంతు వాటా కూడా కొనిపెట్టుకుంది.

లిథియమే లేకుండా, ఉప్పులో దొరికే సోడియంతో బ్యాటరీ చేయొచ్చు. 2022లో దాని మీద చాలా ఆశ ఉండేది. కారణం, ఆ నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ సుమారు 6 లక్షల యువాన్లు. 2024 మొదటికి అది లక్ష దగ్గరకు పడేసరికి సోడియం తొందర తగ్గింది. సీఏటీఎల్ మాత్రం వదల్లేదు, 2025 ఏప్రిల్‌లో కిలోకు 175 వాట్-అవర్ల (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) సోడియం సెల్ చూపించింది.

మన దగ్గరికి వస్తే, టాటా నెక్సాన్ విద్యుత్ కారు 2020లో వచ్చినప్పటి నుంచే ఇనుము బ్యాటరీతో ఉంది. ఆ సెల్‌లు వచ్చింది గోషన్ నుంచే. మహీంద్రా కొత్త విద్యుత్ కార్లలో బీవైడీ బ్లేడ్ సెల్‌లున్నాయి. మే నెల ఎండలో విజయవాడ రోడ్డు మీద ఆగిన కారుకు ఈ ఎంపిక సరైనదే. మంట భయం తక్కువ, రెండు మూడు వేల సార్లు చార్జి చేసినా తట్టుకుంటుంది. కానీ సెల్ మనది కాదు.

దాన్ని మనదిగా చేసే ప్రయత్నం ఒకటి మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో జరుగుతోంది. తిరుపతి కేంద్రంగా ఎదిగిన అమరరాజా సంస్థ 2023 మేలో అక్కడ శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు, ఏడాదికి 16 గిగావాట్-అవర్ల (ఒక్కోటి పది లక్షల యూనిట్లు) సెల్‌లు లక్ష్యం. 2024 జూన్‌లో ఎల్‌ఎఫ్‌పీ విద్య కోసం ఒక లైసెన్సు ఒప్పందం చేసుకుంది, అదీ గోషన్ అనుబంధ సంస్థతోనే. ఇక 2025 జులైలో చైనా ప్రభుత్వం ఇనుము ఫాస్ఫేట్ క్యాథోడ్ పొడి తయారీ పద్ధతులను అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడని జాబితాలో చేర్చింది. పొడి తయారీ మీద హైదరాబాద్‌లో, బాలాపూర్ పక్కనున్న లోహచూర్ణాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ చాలాకాలంగా పనిచేస్తోంది. దానికి ఇప్పుడు వచ్చిన విలువ మామూలుది కాదు.

దివిటిపల్లిలో సెల్ లైన్ మొదలైన రోజున రిబ్బన్ కటింగ్ ఫొటోలు అన్ని పేపర్లలోనూ వస్తాయి. నాకు తెలుసుకోవాలని ఉన్నది వేరు. మొదటి ఏడాది చేసిన ప్రతి వంద సెల్‌లలో ఎన్ని బాగా వచ్చాయి, ఎన్ని పారేయాల్సి వచ్చింది, రెండో ఏడాదికి ఆ అంకె ఎంత తగ్గింది.