గోటి కింది గ్లోమస్ ట్యూమర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదు, వాపూ లేదు, కనుక ఈ వేలి నొప్పి నరాల బలహీనత, లేదా మనసు కల్పించుకున్న నొప్పి.

వాస్తవం: చేతి శస్త్రవైద్యుడిగా నేను తరచూ వినే మాట ఇదే, రోగులను ఏళ్ల తరబడి ఏడిపించేదీ ఇదే. చలికీ వేడికీ తగినట్టు చర్మంలో రక్తప్రవాహాన్ని సర్దే గ్లోమస్ కణాలు వేలి కొసల్లో, ముఖ్యంగా గోటి కింద, ఎక్కువగా ఉంటాయి. వాటి నుంచి పుట్టే ఈ కణితి సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. పైన గోరు, కింద ఎముక బిగించి ఉండటంతో అంత చిన్నదే భరించరాని పోటు పెడుతుంది. ఎక్స్‌రే ఎముకనే చూపుతుంది గనుక, కణితి ఒత్తిడికి ఎముక గుంటపడిన కొందరిలో తప్ప అందులో ఏమీ కనిపించదు.

కిందటి పుష్యమాసంలో ఒకావిడ ఉంగరపు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చారు. ఆరేళ్లుగా మెడ నరం నొక్కుకుని వేలికి పాకిన నొప్పి అనుకుని మెడ పట్టీ, నరాల బిళ్ళలు, గోరుచుట్టని వేలికి తొడిగిన నిమ్మకాయలు అన్నీ అయ్యాయి. గిన్నెలు తోమడానికి చన్నీళ్లలో చెయ్యి పెట్టలేకపోతే ఇంట్లోవారు పని తప్పించుకోవడానికి సాకులంటున్నారని చెబుతూ ఆవిడ కన్నీరు పెట్టుకున్నారు. నేను గుండుసూది తలతో గోటిపై ఒక్కొక్క చోటే నొక్కుతూ వెళ్లాను. ఒకే ఒక్క బిందువు దగ్గర ఆవిడ చెయ్యి లాక్కున్నారు. దానికి అర అంగుళం దూరంలో ఏ బాధా లేదు. చెయ్యి పైకెత్తించి, బీపీ పట్టీ బిగించి రక్తప్రవాహం ఆపాక అదే చోట నొక్కితే నొప్పి లేదు, పట్టీ వదలగానే తిరిగి వచ్చింది. ఎం.ఆర్.ఐ. తీయిస్తే కణితి కనిపించింది. ఆపరేషన్‌లో బయటికి వచ్చింది మినపగింజంత.

చలికి పెరిగే నొప్పి, ఒకే బిందువులో బాధ, ఉండి ఉండి వచ్చే తీవ్రమైన పోటు: ఈ మూడూ కలిసి ఉంటే మెడకు వైద్యం మొదలుపెట్టే ముందు దయచేసి గోరు పరీక్షించమని అడగండి. మీ నొప్పి నిజమైనదే, దానికి వైద్యం ఉంది.

అపోహ: గోటి కింద కణితి అంటే క్యాన్సరే. దాదాపు అన్ని గ్లోమస్ ట్యూమర్లూ క్యాన్సర్ కానివే. గోటిలో కొత్తగా పుట్టి వెడల్పవుతున్న నల్లగీత మాత్రం వేరే సంగతి, అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. దాన్ని ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

అపోహ: పసరు కట్లతో కరుగుతుంది. కరగదు.

అపోహ: ఆపరేషన్ చేస్తే గోరు మళ్లీ రాదు. సాధారణంగా కొన్ని నెలల్లో వస్తుంది. గోరు పుట్టే మూలం దెబ్బతింటే గీతపడిన గోరు రావచ్చు.

అపోహ: తీసినా మళ్లీ వస్తుంది. పూర్తిగా తీస్తే చాలామందిలో రాదు. ఆపరేషన్ తర్వాత కూడా పాత నొప్పి తగ్గకపోతే కొంత ముక్క మిగిలిపోయి ఉండవచ్చు, లేదా పక్కన రెండోది ఉండవచ్చు. న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకం (నరాల వెంట గడ్డలు పుట్టించే జన్యు జబ్బు) ఉన్నవారిలో ఒకటికి మించి పుట్టే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాతా నొప్పి అలాగే ఉంటే మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయించాలి.