కనిపించకుండా చేయడమా, బయటికి పంపడమా: వీఆర్‌చాట్ తగాదా వెనక కథ

సోషల్ వీఆర్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుని బొమ్మ రూపంలో (అవతార్) నలుగురినీ కలిసే ఆన్‌లైన్ గదుల్లో, అల్లరి అవతార్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి చర్చంతా అలాంటి వేదికల్లో ఒకటైన వీఆర్‌చాట్ తెచ్చిన వయసు ధ్రువీకరణ పేరు మీద నడుస్తోంది. కానీ అసలు తగాదా పాతదే. గదిలో ఎవరుండాలో తేల్చాల్సింది కంపెనీయా, ఆ గది నడిపేవాళ్లా, లేక ఎవరి హెడ్‌సెట్‌లో వాళ్లు చూసుకోవాలా? వీఆర్‌చాట్‌ను ఎవరు పెట్టారు, ఎలా పెరిగింది అన్నది చాలామంది రాసేశారు. దాని జోలికి పోవడం లేదు. ఇవాళ రెండు వైపులా వినిపిస్తున్న వాదనలన్నీ 2018లో తీసుకున్న ఒక నిర్ణయం దగ్గరికే వెళ్తాయి.

2017 చివర్లో యూట్యూబ్, ట్విచ్ వీడియోల పుణ్యమా అని వీఆర్‌చాట్‌లోకి జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. 2018 జనవరిలో స్టీమ్ అనే గేమ్‌ల దుకాణం ద్వారా ఒకే సమయంలో ఉన్నవాళ్ల సంఖ్య దాదాపు 20 వేలు దాటింది. హెడ్‌సెట్ లేకపోయినా మామూలు కంప్యూటర్ నుంచే వెళ్లే వీలుంది కాబట్టి వాళ్లలో చాలామంది సరదా చూసిపోదామని వచ్చినవాళ్లే. అప్పుడే 'ఉగాండన్ నకుల్స్' గుంపులు తయారయ్యాయి. సోనిక్ గేమ్‌లోని నకుల్స్ పాత్రను వికారంగా మార్చిన ఎర్రటి పొట్టి అవతార్ అది. పదీ ఇరవై మంది అదే వేషంలో వచ్చి, నాలుకతో టకటకమంటూ, ఆఫ్రికన్ యాసను వెక్కిరిస్తూ, ఎవరో ఒకరిని చుట్టుముట్టేవారు. ఆడ గొంతు వినిపిస్తే 'రాణి దొరికింది' అంటూ వెంటపడేవారు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయంగా చాలామంది రాశారు. చుట్టుముట్టినప్పుడు లోపల నిలబడ్డ మనిషికి మాత్రం అది నవ్వులాట కాదు. హెడ్‌సెట్‌లో ఎదుటివాడు ముఖం మీదికి వస్తే స్క్రీన్ మీద బొమ్మ వచ్చినట్టు ఉండదు. ఒంటి మీదికి మనిషి వచ్చినట్టే ఉంటుంది.

ఆ జనవరిలోనే కంపెనీ వాడకందార్లకు బహిరంగ లేఖ రాసింది. రక్షణ సాధనాలు తయారుచేస్తున్నామని చెప్పింది. ఆ ఏడాదిలోనే 'సేఫ్టీ అండ్ ట్రస్ట్' వ్యవస్థ వచ్చింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది.

ప్రతి ఖాతాకూ ఒక ర్యాంకు ఇచ్చారు. కొత్తగా వచ్చినవాడు విజిటర్, ఆ పైన న్యూ యూజర్, యూజర్, నోన్ యూజర్, ట్రస్టెడ్ యూజర్. పేరు మీద రంగు చూస్తే ఎవరు ఏ ర్యాంకో తెలిసిపోతుంది. విజిటర్ సొంత అవతార్ అప్‌లోడ్ చేయలేడు. లెక్కకు మించి మ్యూట్లు, బ్లాకులు పడినవాడు 'న్యూసెన్స్' కింద పడతాడు. ర్యాంకు ఎలా లెక్కిస్తారో కంపెనీ పూర్తిగా బయటపెట్టలేదు. పెడితే దాన్నీ వాడుకుంటారని భయం. ఇంతవరకూ ఎవరికీ పెద్దగా పేచీ లేదు.

అసలు కిటుకు ఆ పక్కనున్న సెట్టింగుల్లో ఉంది. ఏ ర్యాంకువాడి గొంతు వినాలి, ఎవరి అవతార్ చూడాలి, ఎవరి షేడర్లు (బొమ్మకు రంగు, వెలుగు అద్దే చిన్న ప్రోగ్రాములు), శబ్దాలు, మెరుపులు, యానిమేషన్లు నీ మెషీన్‌లో నడవాలి, అన్నీ నువ్వే ఎంచుకోవచ్చు. పరిస్థితి చెయ్యిదాటితే ఒక్క నొక్కుతో సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. అప్పుడు అందరి అవతార్లూ ఆగిపోతాయి. సాంకేతికంగా చూస్తే ఇది గట్టి పనే. వాడకందార్లే అవతార్లు తయారుచేసి ఎక్కించే చోట ఇంత వివరంగా వడపోత పెట్టినవాళ్లు అప్పటికి తక్కువ.

కానీ ఈ సాధనాలన్నీ చూసేవాడి కళ్లద్దాల్లోనే పనిచేస్తాయి, చేసేవాడిని తాకవు. పక్కింట్లో మైకు హోరెత్తిస్తుంటే మన కిటికీ వేసుకోమన్నట్టుంటుంది ఇది. బ్లాక్ చేస్తే నీకు అతనూ, అతనికి నువ్వూ కనిపించడం మానేస్తారు. గదిలో మిగతావాళ్లకు మాత్రం అతను అక్కడే ఉంటాడు. నీ స్నేహితులు గాలితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు, సగం సంభాషణే నీ చెవిన పడుతుంది. చివరికి ఏడిపించినవాడు గదిలో ఉండిపోతాడు, ఏడ్చినవాళ్లే లేచి వెళ్లిపోతారు. గదులు నడిపే హోస్టులు అప్పటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. కచేరీ, అమెరికన్ సైగల భాష (ఏఎస్ఎల్) పాఠం, నాటకం, ఏదైనా కావచ్చు. వచ్చిన నలభై మందీ ఎవరికి వాళ్లు కవచం వేసుకోవాలి తప్ప, హోస్టుగా నేను తలుపు మూయలేను అన్నది వాళ్ల ఫిర్యాదు.

కంపెనీ వాదనా ఒకటుంది. లక్షల గదుల్లో నోటిమాటగా జరిగేదాన్ని మనుషుల్ని పెట్టి కాపలా కాయడం కుదరదు, కాబట్టి అధికారం వాడకందారుకే ఇచ్చాం అంటుంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాలో వీఆర్ విభాగం చూసే ఆండ్రూ బాస్‌వర్త్ 2021లో రాసిన అంతర్గత మెమోలోనూ ఇదే ధోరణి ఉంది. జనం ఏం మాట్లాడుతున్నారో, ఎలా ప్రవర్తిస్తున్నారో చెప్పుకోదగ్గ స్థాయిలో నియంత్రించడం ఆచరణలో అసాధ్యమని ఆయన ఒప్పుకున్నట్టు ఫైనాన్షియల్ టైమ్స్ బయటపెట్టింది.

ఈ మలుపు ఫలితం 2022 జులైలో పూర్తిగా బయటపడింది. మధ్యలో క్రాషర్ల బెడద ముదిరింది. గ్రాఫిక్స్ కార్డు మోయలేనన్ని షేడర్లు, నిప్పురవ్వల్లాంటి పార్టికల్ ఎఫెక్ట్‌లు కుక్కిన అవతార్ వేసుకుని గదిలో అడుగుపెడితే చాలు, చుట్టూ ఉన్నవాళ్ల గేమ్ పడిపోతుంది. దీన్ని తట్టుకోడానికి వాడకందార్లు సొంతంగా మోడ్లు, అంటే గేమ్ పనితీరును మార్చే అదనపు ప్రోగ్రాములు, రాసుకున్నారు. కొన్ని మోడ్లు ప్రమాదకర అవతార్‌ను లోడ్ కాకముందే ఆపేవి. కొన్ని వినికిడి లోపం ఉన్నవాళ్లకు మాటల్ని అక్షరాల్లో చూపేవి. మోడ్లు నిబంధనలకు విరుద్ధమన్న మాట నిజమే. మొదటినుంచీ విరుద్ధమే. అయినా నీ రక్షణ నువ్వే చూసుకో అని చెప్పిన చోట జనం చేసింది సరిగ్గా అదే.

జులై ఆఖరి వారంలో కంపెనీ గేమ్‌ను ఎవరూ మార్చకుండా కాపలా కాసే ఈజీ యాంటీ చీట్ అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చిపెట్టి మోడ్లన్నిటికీ ఒకేసారి తలుపులు మూసేసింది. ఇలా మోడ్లతో మార్చిన గేమ్ ప్రోగ్రాముల (క్లయింట్ల) వల్లే ఖాతాలు దొంగతనానికి గురవుతున్నాయని, వేధింపులకూ క్రాషింగ్‌కూ అవే దారి అని చెప్పింది. అందులో నిజం ఉంది. కానీ క్రాషర్ అవతార్లలో చాలా రకాలకు మోడ్ అక్కర్లేదు, అందరూ అవతార్లు చేసుకునే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసి ఎక్కిస్తే సరిపోతుంది. కాబట్టి దాడి చేసేవాడి చేతిలో ఆయుధం మిగిలింది, కాచుకునేవాడి చేతిలో డాలు పోయింది అని జనం మండిపడ్డారు. స్టీమ్‌లో వ్యతిరేక రివ్యూలు వరదలా వచ్చాయి. కొందరు చిల్‌అవుట్‌వీఆర్, నియోస్‌వీఆర్ అనే పోటీ వేదికలకు వలసపోయారు. వినికిడి లోపం ఉన్నవాళ్ల ఫిర్యాదుకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ ఒత్తిడితోనే ఆగస్టులో మాటల్ని అక్షరాల్లో చూపే చాట్‌బాక్స్ వచ్చింది. కంపెనీ వద్దన్న మోడ్లు చేసిన పనుల్లో చాలావాటిని ఆ తర్వాత కంపెనీయే ఒక్కొక్కటిగా చేసిపెట్టింది.

2023లో వీఆర్‌చాట్‌లో గ్రూపులు వచ్చాయి. గ్రూపు పెట్టినవాళ్లు బాధ్యతలు పంచుకోవచ్చు, మోడరేటర్లను పెట్టుకోవచ్చు, గ్రూపు గదుల నుంచి మనిషిని పంపేయొచ్చు, తిరిగి రాకుండా నిషేధించొచ్చు. హోస్టులు అయిదేళ్లు అడిగిన తలుపు గడియ ఇదే. అది వచ్చాక గ్రూపు గదులు కుదుటపడ్డాయి. ఎవరైనా రాగలిగే పబ్లిక్ గదులకు మాత్రం యజమాని లేడు. అక్కడ మిగిలింది, ఒకరిని బయటికి పంపాలా అని గదిలోవాళ్లు వేసే ఓటే. గుంపుగా వచ్చినవాళ్లు అదే ఓటుతో అమాయకుణ్ని గెంటేసిన ఉదంతాలూ తక్కువేం కాదు.

మెటా సొంత సోషల్ వీఆర్ వేదిక హొరైజన్ వరల్డ్స్ కథ వేరని అనుకుంటారు గానీ, తీగ ఒక్కటే. 2021 నవంబర్‌లో విడుదలకు ముందు దాన్ని పరీక్షిస్తున్న ఒకామె (బీటా టెస్టర్) తన అవతార్‌ను తడిమారని ఫిర్యాదు చేస్తే, కంపెనీ సమీక్ష తేల్చింది ఆమె 'సేఫ్ జోన్' వాడి ఉండాల్సిందని. సాధనం ఉంది కదా, నువ్వెందుకు వాడలేదు అన్నట్టు. 2022 ఫిబ్రవరిలో రెండు అవతార్ల మధ్య దాదాపు 4 అడుగుల దూరం ముందే పెట్టి 'పర్సనల్ బౌండరీ' తెచ్చారు. ఇక్కడ వాడకందారు ఏమీ నొక్కక్కర్లేదు. ఆ ఒక్క తేడాకు ఫిర్యాదు దాకా రావాల్సి వచ్చింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ తన ఆల్ట్‌స్పేస్‌వీఆర్‌లో అపరిచితులు కలుసుకునే చావళ్లనే మూసేసింది. మరుసటి ఏడాది మార్చిలో మొత్తం వేదికనే ఎత్తేసింది.

ఇదంతా వీఆర్‌తో పుట్టిన సమస్య అనుకుంటే పొరపాటు. 1993లో లాంబ్డామూ అనే అక్షరాల లోకంలో, బొమ్మల్లేని చోట, మిస్టర్ బంగిల్ అనే పాత్ర ఇతరుల పాత్రలతో బలవంతంగా అసభ్య పనులు చేయించింది. వాటిని తెరమీద కనపడకుండా చేసే 'గ్యాగ్' ఆదేశం అప్పటికే ఉంది. అది వాడుకుంటే పోయేది కదా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. బాధితులు ఒప్పుకోలేదు, అతన్ని తీసేయాలన్నారు. గంటల కొద్దీ సభ జరిగినా తేలలేదు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు తనంతట తానే ఆ ఖాతాను తొలగించారు. అంతకు కొన్ని నెలల ముందే సామాజిక తగాదాల్లో తలదూర్చబోమని ఆ నిర్వాహకులు ప్రకటించి ఉన్నారు. ఆ తర్వాత లాంబ్డామూను పెట్టిన పావెల్ కర్టిస్ పిటిషన్లు, బ్యాలెట్ల పద్ధతి తెచ్చారు. తొలగించిన మనిషి కొత్త పేరుతో తిరిగొచ్చాడు, అది వేరే సంగతి.

ఇప్పటి వయసు ధ్రువీకరణ ఈ వరసలోదే. 2024 చివర్లో వీఆర్‌చాట్ పెర్సోనా అనే సంస్థ ద్వారా గుర్తింపు కార్డు చూసి వయసు నిర్ధారించడం మొదలుపెట్టింది, అదీ తొలుత చందా కట్టినవాళ్లకే. గ్రూపు హోస్టులు కావాలంటే 18 నిండినవాళ్లే వచ్చే గది తెరవొచ్చు. తలుపు దగ్గర ఆపే అధికారం కోసం ఏళ్లుగా అడిగిన హోస్టులకు ఇది నచ్చింది. తాళంచెవికి డబ్బు కట్టాలనడం, గుర్తింపు కార్డు ఇంకో కంపెనీ చేతిలో పెట్టమనడం చాలామందికి నచ్చలేదు. పబ్లిక్ గదుల్లో మాత్రం కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో ఉన్నది ఇప్పటికీ ఆ 2018 నాటి సెట్టింగులే.