‘పర్లేదండి’కి ఎన్ని మార్కులు?

గోదావరి జిల్లాల్లో ఏ పిల్లల డాక్టరు దగ్గర కాసేపు కూర్చున్నా ఈ సంభాషణ వినబడుతుంది. “బాబు ఎలా ఉన్నాడమ్మా?” అని డాక్టరుగారు అడుగుతారు. “ఆయ్, పర్లేదండి” అంటుంది తల్లి. రాత్రంతా ఆయాసంతో కూర్చునే తెల్లవార్చిన పిల్లవాడైనా, పూర్తిగా కోలుకున్నవాడైనా జవాబు అదే. మర్యాదకు లోటు లేదు గానీ అందులో సమాచారం ఏమీ లేదు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎంతుందో తెలుస్తుంది. ఆటల పీరియడులో వాడు అరుగు మీదే కూర్చుండిపోతున్నాడా, తోటివాళ్లు ఏడిపిస్తున్నారా, ‘నాకేమవుతుందో’ అని లోలోపల బెంగ పెట్టుకున్నాడా అన్నవి ఏ ల్యాబ్ రిపోర్టులోనూ రావు. ఇవన్నీ కలిపితే ఆరోగ్య సంబంధిత జీవన నాణ్యత. దాన్ని కొలిచే ప్రశ్నాపత్రాలకు కొదవ లేదు. చిక్కల్లా, బాగా వాడుకలో ఉన్నవి వేరే దేశాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావడమే.

వాటిలో బాగా పేరున్నది పెడ్స్‌క్యూఎల్. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ వార్ని, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. ఇప్పుడు వాడుతున్న 4.0 రూపం వివరాలు 2001లో వెలువడ్డాయి. మొత్తం 23 అంశాలు: శరీరం గురించి 8, మనసు గురించి 5, తోటి పిల్లలతో మెలగడం గురించి 5, బడి గురించి 5. గడచిన నెల రోజుల్లో ఒక్కొక్కటీ ఎంత ఇబ్బంది పెట్టిందో 0 నుంచి 4 దాకా చెప్పాలి. తర్వాత ఆ అంకెల్ని తిరగేసి, 0 అంటే 100 మార్కులు, 1 అంటే 75, అలా తగ్గుతూ 4 అంటే సున్నా వేస్తారు. ఉబ్బసం ఉన్న ఓ పిల్లవాడు శరీరం గురించిన ఎనిమిదింటికి 0, 0, 1, 0, 2, 0, 1, 0 అన్నాడనుకుందాం. మొత్తం 700, ఎనిమిదితో భాగిస్తే 87.5. లెక్క ఇంతే. ఆ 87.5ని నమ్మవచ్చా అన్న దగ్గరే అసలు పని మొదలవుతుంది.

తెలుగు చేసే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తెస్తారు, రెండూ కలిపి ఒకటి చేస్తారు, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, రెండు ఇంగ్లిష్ ప్రతుల్నీ పోల్చి చూస్తారు. పనికొచ్చే పద్ధతే గానీ దీని మీద మోజు కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. మక్కికి మక్కి దించిన తెలుగు ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, వెనక్కి తిప్పితే చక్కగా మూలంలాగే వస్తుంది. పోలిక కుదిరింది కదా అని అందరూ సంతకాలు పెట్టేస్తారు.

అక్కడ దొరకని తప్పు పిల్లల ముందు చదివితే దొరుకుతుంది. జవాబుల వరుసే చూడండి. ఒక చివర ‘ఎప్పుడూ లేదు’, రెండో చివర ‘దాదాపు ఎప్పుడూ’. కాగితం మీద తేడా స్పష్టంగానే ఉంది. కానీ గోలగోలగా ఉన్న ఓపీ వరండాలో నర్సు గబగబా చదువుతుంటే, తొమ్మిదేళ్ల పిల్ల చెవికి రెండింట్లోనూ గట్టిగా వినబడేది ‘ఎప్పుడూ’ ఒక్కటే. ఆ ఒక్క జవాబు తారుమారైతే ఆ అంశానికి 100 రావాల్సిన చోట సున్నా పడుతుంది. 23 అంశాల సగటులో అది దాదాపు 4.35 మార్కుల తేడా. వార్ని బృందం 2003లో అమెరికా పిల్లల మీద లెక్కగట్టి, పిల్లలు స్వయంగా ఇచ్చే మొత్తం మార్కుల్లో 4.4 తేడా వస్తే దాన్ని పట్టించుకోదగ్గ మార్పుగా భావించవచ్చని చెప్పింది. అంటే ఒక్క మాట చెవిలో అటూ ఇటూ అయితే మందు పనిచేసినట్టో, జబ్బు ముదిరినట్టో దాదాపు కనబడేంత తేడా! అదీ వాళ్ల పిల్లల దగ్గర తేలిన అంకె. మన దగ్గర ఎంతో విడిగా తేల్చాలి.

అందుకే నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే దశ, ఒక్కో పిల్లనూ కూర్చోబెట్టుకుని “ఈ ప్రశ్న నీకేం అర్థమైంది? నీ మాటల్లో చెప్పమ్మా” అని అడగడం. సొంతంగా స్నానం చేయడం కష్టమా అన్న అంశం ఉంది. మన ఇళ్లలో మూడో తరగతి పిల్లాడికి కూడా నాన్నమ్మే నీళ్లు పోస్తుంది, పండగొస్తే నూనె పెట్టి నలుగు పెట్టి మరీ పోస్తుంది. “వాడికెక్కడొచ్చండీ, నేనే పోస్తాను” అని ఆవిడ కష్టం వైపు టిక్కు పెట్టిస్తే, గోడలెక్కి దూకే పిల్లాడు కూడా ఆ అంశంలో సున్నా తెచ్చుకుంటాడు. ఇంటి పనుల అంశం మరోలా బెడిసికొడుతుంది. బిందెడు నీళ్లు మోసే పిల్లకు కష్టమేమిటో తెలుసు. తిన్న కంచం కూడా తీయని అన్నకు ఆ కష్టం తెలిసే అవకాశమే లేదు. ఒకే స్థాయి ఆరోగ్యం ఉన్న ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే అంశం దగ్గర వేరుగా జవాబిస్తున్నారా అని చూసే గణాంక పద్ధతులున్నాయి. అవి తేడాను పట్టిస్తాయి. ఎందుకో మాత్రం ఆ పిల్లలే చెప్పాలి.

ఇక అందరూ గొప్పగా చూపించే అంకె ఒకటుంది: క్రాన్‌బాక్ ఆల్ఫా. లీ క్రాన్‌బాక్ 1951 నాటి వ్యాసంతో ప్రసిద్ధమైంది. ఒక విభాగంలోని ప్రశ్నలు ఒకదానికొకటి పొంతన కలిగి ఉన్నాయా అని చెబుతుంది. 0.70 దాటితే గుంపుల్ని పోల్చడానికి సరిపోతుందంటారు, ఒక్కో పిల్లవాడి గురించి నిర్ణయం తీసుకోవాలంటే 0.90 కావాలంటారు. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (ఒకదాని జవాబు మరోదానితో ఎంత కలిసి నడుస్తుందో చెప్పే అంకె) 0.3 అయితే, ఐదు ప్రశ్నలకు ఆల్ఫా 0.68. అదే బలంతో ప్రశ్నల్ని పది చేస్తే 0.81. నాణ్యత ఏమీ పెరగలేదు, సంఖ్య పెరిగిందంతే. ఒకే ప్రశ్నను మాటలు మార్చి మళ్లీ మళ్లీ అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. అందరూ ఒకేలా అపార్థం చేసుకున్న ప్రశ్నలకు కూడా మంచి ఆల్ఫా రావచ్చు.

మరో పరీక్ష, అదే పిల్లలతో ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ నింపించడం. ఈలోగా ఆరోగ్యం మారకపోతే మార్కులూ మారకూడదు. డెల్టాలో దీనికి క్యాలెండరు చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అది కూడా దాటి లంక గ్రామాలు మునిగాయి. అలాంటప్పుడు నెల రోజుల్లో బడి ఎన్నిసార్లు మానేశావని అడిగితే పిల్ల చాలాసార్లనే అంటుంది. పెడ్స్‌క్యూఎల్ అడిగేది ఒంట్లో బాగోక, ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చి మానేసిన రోజుల గురించి. పిల్లకు గుర్తున్నది ఇల్లు నీళ్లలో ఉన్న రోజులు. మొదటిసారి జూన్ చివర్లో, రెండోసారి వరద మధ్యలో నింపిస్తే అంకెలు కుదరవు, నింద ప్రశ్నాపత్రం మీద పడుతుంది. మే నెల మరీ అన్యాయం. వేసవి సెలవుల్లో బడి అంశాలు అడిగి ఏం లాభం?

కొలత నిజంగా ఆరోగ్యాన్నే కొలుస్తోందా అని చూడటానికి, నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్నీ ఏ జబ్బూ లేని పిల్లల్నీ పోలుస్తారు. తేడా రాకపోతే ఆ ప్రశ్నాపత్రాన్ని అనుమానించాల్సిందే. అలాగే 15 శాతం కంటే ఎక్కువమందికి నూటికి నూరు వస్తే కొలబద్ద పైకొసకు తగిలినట్టు లెక్క. ఇక్కడ ఆ ‘పర్లేదండి’ అలవాటు కూడా పనిచేస్తుందని నా అనుమానం. తెల్లకోటు వేసుకున్నవాళ్లు అడిగితే ఫిర్యాదు చేయడానికి మనవాళ్లకు మొహమాటం. అడిగేది ఆసుపత్రి సిబ్బంది కాకుండా చూస్తే కొంత నయం.

రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లల గురించి పెద్దవాళ్లే చెబుతారు. ఐదేళ్లు నిండితే పిల్లలే చెప్పవచ్చు. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు నవ్వే ముఖం, మామూలు ముఖం, దిగులు ముఖం ఉన్న కార్డు చూపిస్తారు. అయినా “వాడికేం తెలుసండీ, నేను చెబుతా రాసుకోండి” అనే తల్లులకు మన దగ్గర లోటు లేదు. పరుగెత్తడం, బరువు ఎత్తడం లాంటి పైకి కనబడే విషయాల్లో తల్లీ పిల్లల జవాబులు బాగానే కలుస్తాయని, భయం, దిగులు, స్నేహాల దగ్గర విడిపోతాయని ఎన్నో దేశాల అధ్యయనాల్లో తేలింది. దీర్ఘకాలపు జబ్బున్న పిల్లలు తమకు తాము వేసుకునే మార్కుల కంటే తల్లిదండ్రులు తక్కువ వేయడం కూడా తరచూ కనబడేదే. రోజూ ఇన్సులిన్ పొడుచుకునే పిల్ల దానికి అలవాటుపడిపోయి ఉండవచ్చు. తల్లి అలవాటుపడలేదు. ఇందులో ఎవరిది తప్పని తేల్చబోవడం, లేదా రెండూ కలిపి సగటు తీయడం నాకు నచ్చదు. తల్లిని ఒక బల్ల దగ్గర, పిల్లను ఇంకో బల్ల దగ్గర కూర్చోబెట్టి, రెండు అంకెలూ ఫైల్లో పక్కపక్కనే రాయాలి. తేడా ఇరవై మార్కులుంటే డాక్టరుగారు ముందు మాట్లాడాల్సింది దాని గురించే.