సైకిల్ చైను విప్పడం, కలపడం: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో సైకిల్ రిపేరు దుకాణం నడుపుతున్నాను. పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసే పాత సైకిళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. వాటి చైన్ల గురించి రోజూ వినే మాటలు ఇవి.

అపోహ: చైను విప్పాలంటే పిన్నును సుత్తితో కొట్టాల్సిందే.

వాస్తవం: గేర్లు లేని పాత సైకిల్ చైనుకు సాధారణంగా లాకు, అంటే రెండు కొసలనూ కలిపే ఊడదీయగల లింకు ఉంటుంది. పెడల్ నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ఒక్క లింకు మీద మాత్రం చేప ఆకారంలో సన్నని రేకు కనిపిస్తుంది. చీలిన తోక దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి తల వైపు నెడితే జారి వస్తుంది. అరచేయి అడ్డం పెట్టండి, ఎగిరి మట్టిలో పడితే దొరకదు. కలిపేటప్పుడు చైను రెండు కొసలనూ వెనక ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్ల మీద పక్కపక్కన ఆనించండి. పళ్లే పట్టుకుంటాయి, మీ చేతులు ఖాళీగా ఉంటాయి.

అపోహ: లాకు రేకు ఎటు పెట్టినా ఒకటే.

వాస్తవం: ఈ ఒక్కటీ గట్టిగా చెబుతాను. చైను ముందుకు కదిలే వైపు చేప తల ఉండాలి, అంటే పైవరుసలో తల పెడళ్ల వైపు, తోక వెనక చక్రం వైపు. తిరగేసి పెడితే వంగిన చైన్ కవరో, గడ్డిపరకో ఆ చీలికకు తగిలి రేకును ఊడదీస్తుంది. ఒక పెద్దాయన తెల్లవారుజామున రెండు క్యాన్ల పాలతో సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. లాకు ఊడి చైను తెగినట్టు వేలాడుతోంది. కవరు లోపల రేకు రాసుకున్న గీత ఇంకా మెరుస్తూనే ఉంది. ఎవరో తిరగేసి బిగించారు. కొత్త లాకు సరిగ్గా పెట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆయన పాలు పోసే వేళ దాటిపోయింది.

అపోహ: చైను వదులైతే లింకు తీసేయాలి.

వాస్తవం: ముందు వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి నిటారుగా బిగించండి. చైను మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం ఆడాలి. అంతకన్నా బిగిస్తే తొక్కడం బరువవుతుంది, బేరింగులు అరుగుతాయి. ఇక చైను సాగిందని అంటారు కానీ ఇనుము సాగదు, లోపల పిన్నులు అరుగుతాయి. స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు కొలవండి. కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. దాని మీద అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే లింకు తీసి లాభం లేదు, చైనే మార్చాలి. ఫ్రీవీలు పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే అదీ మార్చండి, లేకపోతే కొత్త చైను జారుతుంది. నిజంగానే తీయాల్సి వస్తే జంటగా రెండు లింకులు తీయాలి, ఎందుకంటే వెడల్పుది ఒకటి, సన్నది ఒకటి వరుసగా ఉంటాయి.

అపోహ: గ్రీజు ఎంత పూస్తే అంత మంచిది.

వాస్తవం: మన ఎర్రమట్టి దుమ్ము గ్రీజుకు అంటుకుని పిన్నులను ఆకురాయిలా అరగదీస్తుంది. చైనును కిరోసిన్‌లో కడిగి, ఆరనిచ్చి, ఒక్కో రోలరు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క పల్చటి నూనె వేయండి. పెడల్ కాసేపు తిప్పి, పైన మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయండి.